మన ఎండకు ఏ షీటు? పాలికార్బొనేట్ వేయించుకునే ముందు

పాలికార్బొనేట్ అంటే వెలుతురు వచ్చేలా కప్పుకు, కిటికీకి వేసే గట్టి ప్లాస్టిక్ షీటు. అది అమ్మే షాపులో ముందు చూపించేది సుత్తి దెబ్బ. ముక్కను నేల మీద పెట్టి గట్టిగా ఒక్కటి వేస్తారు. అది పగలదు, బేరం సగం అక్కడే కుదిరిపోతుంది. అందులో మోసం ఏమీ లేదు. అంతే మందమున్న మామూలు అద్దం కంటే ఇది 200 రెట్లకు పైగా దెబ్బకు ఓర్చుకుంటుంది, బరువు అద్దంలో సగమే. కానీ నల్గొండ, మహబూబ్‌నగర్, గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు ఇళ్ల మీద పాడైన షీట్లను చూస్తే, దెబ్బకు పగిలినవి తక్కువే. పసుపుబారినవి, అలలు తేలినవి, స్క్రూ దగ్గర చీలినవి, షీటు లోపలి గొట్టాల్లో పాచి పట్టినవే ఎక్కువ. వీటిలో ఏదీ సుత్తితో తేలేది కాదు.

మనవాళ్లు షాపుకు పోయి అడిగే వరుస కూడా తిరగబడి ఉంటుంది. ముందు రేటు, తర్వాత మందం, చివరికి రంగు. నన్నడిగితే ముందు చూడాల్సింది షీటు ఎక్కడ వేస్తున్నాం, అక్కడ ఎండ ఏ వైపు నుంచి పడుతుంది అన్నది. అది తేలితే రంగు తేలుతుంది, రంగు తేలితే రకం తేలుతుంది. మందం గురించి చివర్న ఆలోచించినా పోయేదేమీ లేదు.

నడినెత్తి ఎండ

మే మొదటి పది రోజుల్లో ఒక మధ్యాహ్నం మన జిల్లాల్లో నిటారుగా పాతిన గుంజకు నీడ పడదు. సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు. ఆగస్టు మొదటి పది రోజుల్లో మళ్లీ ఒకసారి అంతే. ఆగస్టుకల్లా మబ్బులు ఉంటాయి కాబట్టి పెద్దగా తెలియదు. మే సంగతి వేరు. 44, 45 డిగ్రీలు కాసే రోజుల్లోనే ఎండ నిలువుగా దిగుతుంది. కాబట్టి పడుకోబెట్టినట్టు వేసిన షీటు మీద ఏడాది మొత్తంలో పడే అతి గట్టి ఎండ, ఏడాది మొత్తంలో అతి వేడి నెలలోనే పడుతుంది. నిలువు కిటికీకి బిగించిన షీటుకు అదే మధ్యాహ్నం పెద్దగా ఎండ తగలదు. ఒకే షీటు, ఒకే ఇల్లు, రెండు వేరు వేరు సమస్యలు.

దీనికి తోడు ఇంకొకటుంది. పాలికార్బొనేట్ వెలుతురును లోపలికి రానిస్తుంది. ఆ వెలుతురుకు వేడెక్కిన నేల, గోడలు వదిలే వేడిని మాత్రం తిరిగి బయటికి పోనివ్వదు. నాలుగు వైపులా మూసిన చోట పైన పూర్తి పారదర్శక షీటు వేస్తే మధ్యాహ్నం రెండింటికి ఆ చోట నిలబడలేం. ఇది షీటు లోపం కాదు, దాని గుణం. డిసెంబరులో ఢిల్లీలో అదే గుణం సుఖంగా ఉంటుంది.

అందుకే పైకప్పుగా వేసేటప్పుడు రంగు ఎంపిక ముఖ్యం. 6 ఎంఎం గొట్టాల షీటులో, అంటే రెండు పొరల మధ్య గొట్టాల్లా ఖాళీలున్న రకంలో, పూర్తి పారదర్శకమైనది దాదాపు 80 శాతం వెలుతురు లోపలికి పంపుతుంది. మిల్కీ వైట్ అని షాపుల్లో అనే పాలరంగు షీటు సగం, లేదా అంతకంటే కొంచెం తక్కువ పంపుతుంది. బ్రౌన్ రంగుది మూడో వంతు, కొంచెం అటూ ఇటూగా. లెక్క చూసి చాలామంది బ్రౌన్ వైపు మొగ్గుతారు. కానీ బ్రౌన్ షీటు ఎండను తనలోకి పీల్చుకుని తానే బాగా కాలుతుంది, అందువల్ల ఎక్కువ సాగుతుంది, కింద కూర్చున్నవారి నెత్తి మీద సెగ కొడుతుంది. మన వైపు పైకప్పుకు పాలరంగే సరైనదని నా అభిప్రాయం. నీలం, ఆకుపచ్చ అయితే కారు నిలిపే చోటకు సరే. నీలం షీటు కింద భోజనానికి కూర్చుంటే పెరుగన్నం కూడా నీలంగానే కనిపిస్తుంది, అది మీ ఇష్టం.

ఎక్కడ ఏది

పాత భవంతి ఇళ్లలో నడుమ ఆకాశం కనిపించే ఖాళీ ఉంటుంది. కొత్త ఇళ్లలో దాన్నే ఓటీఎస్ అంటున్నారు. వాన పడుతోందనో, కోతులు దిగుతున్నాయనో దాన్ని షీటుతో మూసేస్తారు. మూయడం తప్పు కాదు, బిగించి మూయడమే తప్పు. ఆ ఖాళీ ఉన్నదే వేడి గాలి పైకి పోవడానికి. పిట్టగోడ కంటే అడుగున్నర, రెండడుగులు ఎత్తులో ఫ్రేము లేపి, పైన పాలరంగు షీటు వేసి, చుట్టూ పక్కల్లో జాలీ మాత్రం పెట్టాలి. గాలి పోతుంది, వాన జల్లు రాకుండా షీటును నాలుగు వైపులా అడుగు చొప్పున బయటికి చాపితే చాలు. షీటు కింద ఇనుప గ్రిల్ తప్పనిసరి అనుకోండి. కోతులు మందగా దూకినా, ఎవరైనా స్క్రూలు విప్పి దిగాలని చూసినా ఆపేది ఆ గ్రిల్లే, షీటు కాదు.

పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట వైపు మగ్గాల షెడ్లకు వెలుతురు కోసం వేసేవారి లెక్క ఇంకో తీరు. చిటికి కట్టి అద్దిన దారంలో డిజైన్ గళ్లు ఒకదానికొకటి కలిశాయా లేదా అని నేత పనివారు క్షణక్షణం చూసుకోవాలి. అక్కడ నేరుగా పడే ఎండ చార కళ్లకు అడ్డం. ఆ చార పడిన చోట ఒక రంగు, నీడ పడిన చోట ఒక రంగు కనిపిస్తుంది. పాలరంగు షీటు వెలుతురును చెదరగొట్టి సమంగా పంచుతుంది, గుంట మగ్గం మీద చెయ్యి నీడ కూడా గట్టిగా పడదు. రంగు షీట్లు మాత్రం అక్కడ అసలు వద్దు, ఎరుపు దారం ఏ ఎరుపో తెలియకుండా పోతుంది. పాలికార్బొనేట్ ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది కాబట్టి పట్టు రంగు వెలిసిపోవడం కూడా కొంత తగ్గుతుంది. పూర్తిగా ఆగదు, మామూలు వెలుతురుకు కూడా రంగు వెలుస్తుంది. కప్పు మొత్తం వేయక్కర్లేదు. ఇనుప రేకుల కప్పులో అక్కడక్కడ అదే అలల మోడల్ పాలికార్బొనేట్ రేకు ఒక్కొక్కటి దూర్చితే సరిపోతుంది. నేల వైశాల్యంలో ఇరవయ్యో వంతు వేస్తే పగలు లైటు వేయకుండానే పని నడుస్తుంది. అంతకంటే ఎక్కువ వేస్తే వేసవిలో మగ్గం దగ్గర కూర్చోలేరు. ఉత్తరం వైపు గోడ పైభాగంలో నిలువు కిటికీ పెట్టే వీలుంటే అది అన్నింటికంటే మేలు.

మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల్లో కూడా ఈ వెలుతురు రేకులే వాడతారు. అక్కడ శత్రువు దుమ్ము, ఊక బూడిద. వాలు ఎక్కువ ఇస్తే వానకు కొంత కడుక్కుపోతుంది. హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంట్ ఫ్యాక్టరీల దగ్గర వేసేవారు ఇంకో సంగతి చూసుకోవాలి. సిమెంట్‌ది క్షార గుణం. తడిసి షీటు మీద అట్టగట్టి ఏళ్ల తరబడి ఉంటే పాలికార్బొనేట్‌కు మంచిది కాదు. ఇల్లు కడుతుండగానే ముందే షీటు బిగించి, తర్వాత పక్క గోడకు ప్లాస్టరింగ్ చేయించేవారికీ ఇదే మాట. సున్నం చిందినా, సిమెంట్ పాలు కారినా అప్పటికప్పుడే నీళ్లతో కడిగెయ్యాలి.

కోళ్ల షెడ్డుకు, బర్ల కొట్టానికి నేనైతే పాలికార్బొనేట్ చెప్పను. పెంట నుంచి, మూత్రం నుంచి అమ్మోనియా లేస్తుంది, ఈ ప్లాస్టిక్‌కు అమ్మోనియా పడదు. గాలి బాగా ఆడే కొట్టంలో పైన ఒకటి రెండు రేకులు ఉంటే అంత ప్రమాదమేమీ లేదు. షాద్‌నగర్ వైపు ఉండే మూసిన కోళ్ల ఫారాలకైతే వేరే దారి చూసుకోవాలి. అక్కడ యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ రేకు నయం. వెలుతురు రాదు, కానీ తుప్పు పట్టదు, ఇనుప రేకు అంత కాలదు.

కారు పోర్టికోకు, మెట్ల పైకి, బాల్కనీ ముందు సజ్జకు పెద్దగా తర్జనభర్జన అవసరం లేదు. పక్కలు తెరిచే ఉంటాయి కాబట్టి వేడి నిలవదు. అక్కడ ఏ రంగైనా నడుస్తుంది, చూపు కోసమే ఎంచుకోండి.

అద్దమా, ఫైబరా, ఇదా?

అద్దం మీద తేలిగ్గా గీతలు పడవు, పసుపు రాదు, ముప్పై ఏళ్లయినా అదే తళుకు. నిలువు కిటికీకి అద్దాన్ని మించింది లేదు. నెత్తి మీద వేసేటప్పుడే ఇబ్బంది. టఫెన్డ్ గ్లాసు ఒక్కటే వేస్తే, పగిలిన రోజు చిన్న చిన్న ముక్కలన్నీ ఒకేసారి కిందికి రాలతాయి. పైకప్పుకు వేయాల్సింది రెండు అద్దాల నడుమ పొర అతికించిన లామినేటెడ్ గ్లాసు. 12 ఎంఎం అద్దం చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది. దాన్ని మోసే ఫ్రేము, ఎత్తే మనుషులు, అన్నీ కలిపితే ఖర్చు ఎక్కడికో పోతుంది. 10 ఎంఎం గొట్టాల పాలికార్బొనేట్ అదే చదరపు మీటరుకు 1.7 కిలోలే.

యాక్రిలిక్ చూడ్డానికి పాలికార్బొనేట్ కంటే స్వచ్ఛంగా ఉంటుంది, గీతలు కూడా తక్కువ పడతాయి. కానీ పెళుసు. మార్చి, ఏప్రిల్‌లో రాళ్లవాన పడే చోట దాన్ని కప్పుగా వేయడం తెలివైన పని కాదు. ఫైబర్ గ్లాస్ రేకు చవక, రసాయనాలకు గట్టిది. కానీ కొన్నేళ్లకు పైపొర అరిగి లోపలి పీచు బయటికి తేలుతుంది. ఆ పీచులో దుమ్ము ఇరుక్కుంటే ఇక వెలుతురు రాదు. షాపులో ఊరికే ఫైబర్ షీటు అని అడిగితే పాలికార్బొనేట్, యాక్రిలిక్, ఫైబర్ గ్లాస్ ఈ మూడింట్లో ఏదైనా చేతిలో పెట్టొచ్చు. పేరు పెట్టి అడగండి, బిల్లు మీద కూడా అదే పేరు రాయించుకోండి.

పాలికార్బొనేట్‌లోనే మూడు రకాలు. సాలిడ్ షీటు అద్దంలా నిండుగా ఉంటుంది. పార్టిషన్‌కు, కిటికీకి, ఎవరైనా రాయి విసిరే భయమున్న షాపు ముందు భాగానికి ఇది. గొట్టాల షీటు, అంటే మల్టీవాల్, రెండు పల్చని పొరల మధ్య అడ్డగోడలతో ఉంటుంది. తేలిక, లోపలి గాలి వల్ల వేడిని కొంత ఆపుతుంది, ఓటీఎస్‌కు, పోర్టికోకు ఇదే. అలల రేకు ఇనుప రేకుల మధ్య దూర్చడానికి. మల్టీవాల్‌లో 4 ఎంఎం పైపొర చాలా పల్చన, కోతులుండే ఊరిలో దాని జోలికి పోవద్దు. ఇంటికి 6 ఎంఎం కనీసం, చేతిలో డబ్బుంటే 10 ఎంఎం. అంతకు మించి మన వాతావరణంలో పెట్టే డబ్బును నీడ కోసమో, గాలి పోయే దారి కోసమో పెడితే ఎక్కువ లాభం.

తూకం వేసి చూడండి

అసలైన పరీక్ష సుత్తి కాదు, కాటా. మల్టీవాల్‌లో మందం కొలిస్తే 6 ఎంఎం సరిగ్గానే ఉంటుంది, లోపలి గోడలు, పొరలు పల్చన చేసి సరుకు తగ్గించేస్తారు. టేపుతో అది పట్టుబడదు. సరిగ్గా అడుగు పొడవు, అడుగు వెడల్పు ముక్క కోయించుకుని పక్కనున్న కిరాణా కొట్టు కాటా మీద పెట్టండి. మామూలుగా 6 ఎంఎం మల్టీవాల్ చదరపు మీటరుకు 1.3 కిలోలు ఉండాలి, అంటే ఆ అడుగు ముక్క 120 గ్రాములు తూగాలి. 10 ఎంఎం అయితే 158 గ్రాముల దాకా. 3 ఎంఎం సాలిడ్ అయితే 334. 6 ఎంఎం అని చెప్పిన ముక్క 90 గ్రాములే వస్తే షాపతనితో వాదన అక్కర్లేదు, ముక్క అక్కడ పెట్టి వచ్చేయండి.

రెండోది యూవీ పొర, అంటే అల్ట్రావయొలెట్ కిరణాలను ఆపే పొర. పాలికార్బొనేట్ ఎండలో సొంతంగా నిలవదు, పసుపెక్కి పెళుసవుతుంది. అందుకే తయారీలోనే ఒక వైపు 50 మైక్రాన్ల దరిదాపుల్లో ఒక రక్షణ పొర వేస్తారు. కంటికి కనిపించదు. ఏ వైపు ఉందో చెప్పేది పైన అంటించిన ప్లాస్టిక్ ఫిల్మ్ మాత్రమే. ఎక్కువ కంపెనీల షీట్లలో అక్షరాలు అచ్చేసిన ఫిల్మ్ ఉన్న వైపు ఎండకు చూడాలి. ఆ ఫిల్మ్‌ను ముందే పీకేసి, తర్వాత ఏ వైపు ఏదో తెలియక తిరగేసి బిగించిన షీట్లే మన దగ్గర తొందరగా పసుపుబారుతాయి. పదేళ్ల వారంటీ అని చెప్పే కంపెనీలు కూడా తిరగేసి వేస్తే దాన్ని లెక్కలోకి తీసుకోవు. ఫిల్మ్ పీకే ముందు మూలలో మార్కర్‌తో చిన్న గుర్తు పెట్టించండి.

బిగింపు

ఇక్కడే అసలు కథ. చలికాలం తెల్లవారుజామున షీటు 15 డిగ్రీల దగ్గర ఉంటుంది, మే మధ్యాహ్నం 60 దాటుతుంది. ఆ 50 డిగ్రీల తేడాకు పాలికార్బొనేట్ అడుగుకు దాదాపు ఒక ఎంఎం సాగుతుంది. 12 అడుగుల షీటు 12 ఎంఎం పెరుగుతుంది. కింద ఉన్న ఇనుప పైపు అంతే పొడవులో 2 ఎంఎం పెరుగుతుంది. మిగిలిన 10 ఎంఎం ఎక్కడికో పోవాలి. పోయే దారి లేకపోతే షీటు అలలుగా లేస్తుంది, లేదా స్క్రూ దగ్గర చీలుతుంది.

ఈ మాట వెల్డింగ్ షాపు పిల్లలకు నచ్చచెప్పడం కష్టమే.

"సార్, సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూ ఉండంగ మళ్ల హోల్ ఎందుకు? రేకులకు గిట్లనే కొడ్తం గదా."

"రేకు ఇంతగనం సాగదు తమ్మీ, ఇది సాగుతది. ముందు 10 ఎంఎం బిట్‌తో హోల్ చెయ్, దాంట్ల 6 ఎంఎం స్క్రూ దించు."

"లూజైతది గద సార్."

"లూజు కావాల్సిందే. పైన పెద్ద వాషర్ పెడ్తున్నం, నీళ్లు దిగవు."

ఆ వాషర్ ఈపీడీఎం రబ్బరుది అయ్యుండాలి. మెత్తని పీవీసీ వాషర్లలో ఉండే నూనె గుణం పాలికార్బొనేట్‌కు మెల్లగా పగుళ్లు తెప్పిస్తుంది. స్క్రూ తిప్పేటప్పుడు వాషర్ షీటును తాకి కొంచెం నొక్కుకుంటే ఆగిపోవాలి, షీటు గుంట పడేదాకా బిగిస్తే ఆ హోల్ పెద్దది చేసీ లాభం లేదు. అంచుకు దగ్గరగా హోల్ పెట్టొద్దు, అంగుళంన్నర లోపలికి రావాలి.

షీటు ఆరడుగులు దాటితే స్క్రూ పద్ధతి వదిలేసి అల్యూమినియం పట్టీల పద్ధతికి పోవడమే మంచిది. కింద ఒక పట్టీ, పైన ఒక క్యాప్, మధ్యలో రెండు వైపులా రబ్బరు గాస్కెట్, షీటుకు ఎక్కడా హోల్ ఉండదు, పట్టీల మధ్య అటూ ఇటూ కదులుతుంది. ఖర్చు ఎక్కువే. షీటులో మిగిల్చే డబ్బు ఉంటే ఇక్కడ పెట్టండి. షీటు అంచు పట్టీలో 20 నుంచి 25 ఎంఎం దాకా దూరాలి. తక్కువ దూరితే గాలిదుమారానికి షీటు మధ్యలో ఉబ్బి, అంచు బయటికి జారి, ఎగిరిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం బిగిస్తుంటే షీటు అప్పటికే సాగి ఉంటుంది, చివర్న గ్యాప్ తక్కువ చాలు. డిసెంబరు పొద్దున బిగిస్తుంటే అడుగుకు ఒక ఎంఎం లెక్కన మొత్తం గ్యాప్ వదలాలి.

వాలు అడుగుకు అంగుళం కంటే తగ్గొద్దు. అంగుళంన్నర ఇస్తే దుమ్ము కూడా జారిపోతుంది. గొట్టాలు ఎప్పుడూ వాలు వెంటే ఉండాలి, అడ్డంగా వేస్తే లోపల చేరిన తేమ దిగే దారి లేక పాచి పడుతుంది. గొట్టాల పై చివర గాలి దూరని అల్యూమినియం టేపుతో, కింది చివర తేమ పోనిచ్చి దుమ్మును, చీమలను ఆపే రంధ్రాల టేపుతో మూయాలి. మన దగ్గర రెండు చివర్లకూ మామూలు సెల్లో టేపు చుట్టేస్తారు. ఒక ఎండాకాలానికి ఆ టేపు రాలిపోతుంది, రెండో వానాకాలానికి లోపల చీమల పుట్ట ఉంటుంది. టేపు వేసే ముందు కోత పొట్టును బ్లోయర్‌తో ఊదేయాలి, తర్వాత అది బయటికి రాదు.

వంపు తిప్పాలనుకుంటే మల్టీవాల్‌ను గొట్టాల పొడవు వెంటే వంచాలి. వంపు రేడియస్ మందానికి 175 రెట్లు ఉండాలి, అంటే 6 ఎంఎంకు మూడున్నర అడుగులు. అంతకంటే బిగువుగా వంచితే బయటి పొర మీద లాగుడు పెరిగి కొన్నేళ్లకు పగుళ్లు వస్తాయి.

వెల్డింగ్, రంగు పని మొత్తం అయిపోయి, రంగు పూర్తిగా ఆరాకే షీటు పైకి ఎక్కాలి. వెల్డింగ్ నిప్పురవ్వలు షీటు మీద చుక్కలు చుక్కలుగా కాలి ఉండిపోతాయి. ఆరని రంగులోని థిన్నర్ షీటును పొడుస్తుంది. షీటు ఆనే పైపుల పైభాగానికి తెల్ల రంగు వేస్తే ఆ చోట షీటు తక్కువ కాలుతుంది. సిలికాన్ కొనేటప్పుడు ట్యూబు మీద న్యూట్రల్ అని ఉందో లేదో చూడండి. వెనిగర్ వాసన కొట్టేది పాలికార్బొనేట్‌కు పనికిరాదు. అలల రేకు మీద, షీటు మీద నేరుగా నడవొద్దు, పలక వేసుకుని దాని మీద నడవాలి. బిగించిన రోజే ఫిల్మ్ మొత్తం తీసేయండి. నాలుగు రోజులు ఎండలో ఉంటే అది షీటుకు అంటుకుపోతుంది. ఇంటికి తెచ్చిన షీట్లను బిగించేదాకా మేడ మీద ఎండలో పెట్టడం కూడా అదే ముప్పు.

కడగడం

ఏడాదికి రెండుసార్లు చాలు, దసరాకు ముందు ఒకసారి, ఎండాకాలం మొదట్లో ఒకసారి. ముందు నీళ్లు చల్లి దుమ్ము వదిలించి, తర్వాత సబ్బు నీళ్లు, మెత్తని గుడ్డ. పొడి గుడ్డతో రుద్దితే దుమ్ములోని ఇసుకే గీతలు పెడుతుంది. అద్దాలు తుడిచే అమ్మోనియా స్ప్రేలు, థిన్నర్, ఆసిటోన్ ఏవీ తగలకూడదు. నల్గొండ వైపు బోరు నీళ్లు బాగా ఉప్పు నీళ్లు కాబట్టి వాటితో కడిగి ఎండకు ఆరనిస్తే తెల్లటి మరకలు గట్టిపడతాయి. సాయంత్రం కడిగి, చివర్న కృష్ణా నీళ్ల నల్లా వస్తే దానితో ఒకసారి కడిగి మెత్తని గుడ్డతో ఒత్తండి. వానాకాలమైతే ఆ చివరి కడుగుడు వానకే వదిలేయొచ్చు.